బొటనవేలికి ముందే తెలిసిన సంగతులు: మొబైల్ యాప్‌లు, ప్లాట్‌ఫామ్ గైడ్‌లైన్లు

(యాప్ డిజైనర్లు, డెవలపర్లు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

ముందు ఒకసారి అందరూ ఫోన్లు బయటికి తీయండి. మామూలుగా ఇలాంటి చోట ఫోన్లు లోపల పెట్టమంటారు, నేను తీయమంటున్నాను. ఏదో ఒక యాప్ తెరవండి. రెండు మూడు స్క్రీన్లు లోపలికి వెళ్లండి. వెళ్లారా? ఇప్పుడు వెనక్కి రండి.

వచ్చేశారు. ఎలా వచ్చారు? ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నాను. బాణం గుర్తు ఎక్కడుందా అని వెతికినవాళ్లు నాకైతే కనబడలేదు. కొందరు అంచు నుంచి వేలు లోపలికి లాగారు. కొందరు కింద బటన్ నొక్కారు. ముందు వరసలో కొందరైతే నా వైపు చూస్తూనే వెనక్కి వచ్చేశారు. మరి ఆ వేలికి ఈ విద్య ఎవరు నేర్పారు? మీరు తెరిచిన యాప్ నేర్పిందా? ఆ యాప్ డిజైనర్ నేర్పాడా? లేదండీ. ఫోన్ కొన్న రోజు నుంచి వాడిన యాప్‌లన్నీ కలిసి నేర్పాయి. రేపు మీరు తయారుచేయబోయే యాప్ ఆ వేలి దగ్గరికి అందరికంటే ఆఖర్న వస్తుంది. అప్పటికే దానికి అన్నీ తెలుసు.

వాడటానికి ఏది ఎంత సులువో పరిశీలించే యూజబిలిటీ రంగంలో జేకబ్ నీల్సన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 2000 ప్రాంతంలోనే ఆయన వెబ్‌సైట్ల గురించి చెప్పిన మాట ఒకటుంది. మీ సైటుకి వచ్చేవాళ్లు తమ సమయంలో ఎక్కువ భాగం గడిపేది వేరే సైట్లలో, కాబట్టి మీదీ అలాగే పనిచేయాలని కోరుకుంటారు అని. యాప్‌లకీ అంతే. ఐఫోన్‌కి ఆపిల్, ఆండ్రాయిడ్‌కి గూగుల్, యాప్‌లు ఎలా ఉండాలో చెబుతూ రాసే సూచనలే ప్లాట్‌ఫామ్ గైడ్‌లైన్స్. నా లెక్కలో వాటి అర్థం ఇదే. వాడేవాళ్ల చేతికి ఇప్పటికే ఏమేం అలవాటయ్యాయో రాసిపెట్టిన చిట్టా.

చరిత్ర త్వరగా దాటేస్తాను, ఎందుకంటే అది మీకు గూగుల్ చేస్తే దొరుకుతుంది. ఆపిల్ తన హ్యూమన్ ఇంటర్‌ఫేస్ గైడ్‌లైన్స్‌ని 1987లోనే పుస్తకంగా అచ్చు వేసింది. అప్పటికి ఐఫోన్ రావడానికి ఇంకా ఇరవై ఏళ్లుంది. అవన్నీ మౌసు, మెనూల సంగతులు. 2007లో ఐఫోన్, 2008లో యాప్ స్టోర్ వచ్చాక అదే పేరు ఫోన్‌కీ పాకింది. గూగుల్ 2012 జనవరిలో ఆండ్రాయిడ్ డిజైన్ సైటు పెట్టింది. 2014లో గూగుల్ సొంత డిజైన్ పద్ధతి, మెటీరియల్ డిజైన్ వచ్చింది. అంతే, చరిత్ర అయిపోయింది.

ఒక గందరగోళం మాత్రం ముందే తీర్చేసుకుందాం. "గైడ్‌లైన్స్ పాటించకపోతే రిజెక్ట్ చేస్తారు కదండీ" అంటుంటారు. ఇక్కడ రెండు వేర్వేరు పత్రాలున్నాయి. యాప్ రివ్యూ గైడ్‌లైన్స్ అనేవి యాప్ స్టోర్‌లోకి రానిచ్చే ముందు ఆపిల్ సరిచూసే నిబంధనలు. ఉదాహరణకి, యాప్‌లో అకౌంట్ తెరవనిచ్చారంటే యాప్‌లోనే దాన్ని తీసేసుకునే వీలు కూడా ఇవ్వాలి. 2022 జూన్ 30 నుంచి ఆపిల్ దాన్ని తప్పనిసరి చేసింది. అది సలహా కాదు, గేటు. హ్యూమన్ ఇంటర్‌ఫేస్ గైడ్‌లైన్స్ అలా కాదు. అందులో ఎక్కువ భాగం సలహాలే. వెనక్కి వెళ్లే బాణాన్ని తీసుకెళ్లి కుడివైపు పెట్టారనుకోండి, చాలావరకు ఎవరూ ఆపరు. యాప్ స్టోర్‌లోకి వెళ్లిపోతుంది. ఇబ్బందల్లా ఆ తర్వాతే మొదలవుతుంది.

కాబట్టి రివ్యూ భయంతో గైడ్‌లైన్స్ చదవకండి. భయంతో చదివితే ఏం జరుగుతుందంటే, బొమ్మలు చూసి కాపీ కొడతాం. కారణం చదవం. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఈ కారణం గురించే.

రూపం వేరు, నడవడి వేరు

గైడ్‌లైన్స్‌లో రెండు రకాల మాటలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి రూపం. మూలలు ఎంత గుండ్రంగా ఉండాలి, నీడ ఎంత పడాలి, రంగులు ఎలా ఎంచుకోవాలి. రెండోది నడవడి. వెనక్కి అంటే ఎక్కడికి, పర్మిషన్ ఎప్పుడు అడగాలి, అక్షరాల సైజు పెంచితే ఏం కావాలి, ఏది నొక్కితే ఏది తెరుచుకోవాలి. మనవాళ్లు ఏం చేస్తారో చెప్పనా? రూపాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు, నడవడిని సొంతంగా కనిపెడతారు. సరిగ్గా తలకిందులు!

రూపం ఎంత నిలకడ లేనిదో చూడండి. 2013లో ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్, ఐఓఎస్ 7 వచ్చింది, అప్పటిదాకా తోలు కుట్లు, చెక్క అరలు గీసిన డిజైనర్లంతా రాత్రికి రాత్రి చదును గీతల్లోకి మారారు. 2014లో మెటీరియల్ కాగితం, నీడలు తెచ్చింది. 2021లో ఆండ్రాయిడ్ 12తో మెటీరియల్ యు వచ్చి, వాల్‌పేపర్ రంగులు యాప్‌లోకి తీసుకొచ్చింది. 2025లో ఆపిల్ లిక్విడ్ గ్లాస్ అంది. అంతా గాజు. గాజు వెనకాల అక్షరాలు కనబడట్లేదని జనం మొత్తుకుంటే ఐఓఎస్ 26.1లో ఆ గాజుని కాస్త మసక చేసుకునే సెట్టింగ్ పెట్టారు. అంటే రూపం విషయంలో గైడ్‌లైన్స్ రాసేవాళ్లే తడబడతారు, సర్దుకుంటారు. తప్పులేదు, అందరం చేసే పనే.

ఇన్ని మారినా మారనివి ఏంటి? నొక్కే చోటు కనీసం 44 పాయింట్లు (ఐఫోన్ స్క్రీన్ మీద వాడే కొలత) ఉండాలన్న లెక్క ఐఫోన్ తొలినాళ్ల నుంచీ అలాగే ఉంది. వెనక్కి వెళ్లే బాణం ఎడమ పైమూలనే ఉంది. తొలగించే పని ఎరుపు రంగులోనే ఉంది. ఇవి నడవడికి సంబంధించినవి. వీటిని కదిపితే కోట్లమంది చేతి అలవాటు కదులుతుంది, అందుకే వాటి జోలికి వాళ్లు కూడా అంత తేలిగ్గా పోరు.

నా సలహా అడిగితే, రూపంలో మీ ఇష్టం వచ్చినంత స్వేచ్ఛ తీసుకోండి. మీ రంగు, మీ బొమ్మలు, మీ ఫాంటు, మీ యాప్ మాత్రమే చేసే ఆ ఒక్క పనికి మీదైన స్క్రీన్, అన్నీ మీవే. నడవడిలో మాత్రం సిస్టమ్ చెప్పినట్టు వినండి. "అప్పుడు అన్ని యాప్‌లూ ఒకేలా ఉండవా" అని ఎవరో అనుకుంటున్నారు, ముఖం చూస్తే తెలుస్తోంది. ఒకే రకంగా వెనక్కి వెళ్లే యాప్‌లన్నీ మీకు ఒకేలా కనిపిస్తున్నాయా? ఇందాక వెనక్కి వచ్చినప్పుడు ఆ యాప్‌కి సొంత ముఖం లేదనిపించిందా? లేదు కదా.

వెనక్కి అంటే ఎక్కడికి?

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే నేను చూసిన యాప్‌లలో ఎక్కువ గొడవ ఈ ఒక్క చోటే ఉంటుంది.

ఐఫోన్‌లో వెనక్కి అన్నది యాప్ లోపలి సంగతి. ఎడమ పైన బాణం ఉంటుంది, లేదా ఎడమ అంచు నుంచి వేలు లాగుతారు. ఈ లాగుడు ఐఓఎస్ 7 నుంచి ఉంది. కింద నుంచి పైకి లేచిన షీట్ అయితే కిందికి లాగి మూస్తారు. మొదటి స్క్రీన్‌కి వచ్చాక ఇంక వెనక్కి అన్నది లేదు.

ఆండ్రాయిడ్‌లో అలా కాదు. అక్కడ వెనక్కి అన్నది సిస్టమ్‌ది. కీబోర్డ్ తెరిచి ఉంటే అది మూస్తుంది. స్క్రీన్ మీద లేచిన డైలాగ్ పెట్టె ఉంటే అది పోతుంది. స్క్రీన్ వెనక స్క్రీన్ పోతుంది, చివరికి యాప్ నుంచే బయటికి తీసుకెళ్తుంది. 2019లో ఆండ్రాయిడ్ 10తో బటన్లు లేకుండా వేలి లాగుళ్లతోనే నడిచే పూర్తి సైగల నావిగేషన్ వచ్చాక ఎడమ అంచు, కుడి అంచు రెండూ వెనక్కి దారులే అయ్యాయి.

ఇప్పుడు డిజైనర్ ఐఫోన్ ఫ్రేమ్‌లో స్క్రీన్లు గీసి, "ఆండ్రాయిడ్‌కీ ఇదే" అని డెవలపర్ చేతిలో పెట్టాడనుకోండి. ఎన్ని ప్రశ్నలకి జవాబు లేదో చూడండి. ఫారం సగం నింపి వెనక్కి అన్నారు, రాసింది పోవాలా, దాచాలా, అడగాలా? డబ్బు కట్టే స్క్రీన్ తిరుగుతూ ఉండగా వెనక్కి అన్నారు, ఏం కావాలి? మూడో ట్యాబ్‌లో ఉండి వెనక్కి అన్నారు, మొదటి ట్యాబ్‌కి రావాలా, యాప్ మూసుకోవాలా? నోటిఫికేషన్ నొక్కి నేరుగా లోపలి స్క్రీన్‌లో దిగారు, అక్కణ్ణుంచి వెనక్కి అంటే ఎక్కడికి? ఇవేవీ డిజైన్ ఫైల్లో ఉండవు. మరి ఎవరు తేలుస్తారు? రిలీజ్ ముందు రాత్రి డెవలపర్ తేలుస్తాడు. ఆ వేళకి అతనికి తోచింది చేస్తాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వాడేవాళ్లు దాన్నే భరిస్తారు.

డెవలపర్లు నవ్వుతున్నారు. డిజైనర్లు కూడా నవ్వాలి మరి!

పక్క నుంచి జరిగి వచ్చే డ్రాయర్ మెనూ సంగతి చూడండి. ఒకప్పుడు ఆండ్రాయిడ్‌లో ఎడమ అంచు నుంచి లాగితే డ్రాయర్ వచ్చేది. సైగల నావిగేషన్ వచ్చాక అదే లాగుడు వెనక్కి అయింది. కొన్ని టీములు ఏం చేశాయి? ఈ అంచు మాకు కావాలి, ఇక్కడ మీ సైగ ఆపండి అని సిస్టమ్‌ని అడిగే వీలుంది, దాన్ని అంచు పొడవునా వాడబోయాయి. ఆండ్రాయిడ్ దానికి ఒక హద్దు పెట్టింది. ఒక్కో అంచున 200 డీపీ (ఆండ్రాయిడ్ స్క్రీన్ మీద వాడే కొలత) ఎత్తు మాత్రమే ఇస్తుంది, మిగతాది ఇవ్వదు. ఎందుకలా? ప్రతి యాప్ తన అంచు తాను తీసేసుకుంటే వెనక్కి అన్న సైగకి అర్థమే ఉండదు. ఈ యాప్‌లో పనిచేస్తుంది, ఆ యాప్‌లో చేయదు అన్న అనుమానం ఒక్కసారి మొదలైందంటే ఇంక ఆ సైగని ఎక్కడా నమ్మరు.

ఇంకొకటి. "బయటికి వెళ్లడానికి మళ్లీ ఒకసారి నొక్కండి" అని కింద చిన్న సందేశం వస్తుంది, చూసే ఉంటారు. కావాలని ఎవరు పెట్టమన్నారు దీన్ని? గైడ్‌లైన్స్‌లో లేదు. ఎవరో పెట్టారు, అందరూ చూసి పెట్టారు. ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో ప్రిడిక్టివ్ బ్యాక్ వచ్చింది. వేలు సగం లాగి పట్టుకుంటే వెనక ఏ స్క్రీన్ వస్తుందో ముందే తొంగిచూడొచ్చు. ఇష్టం లేకపోతే వేలు వెనక్కి తెచ్చి వదిలేయొచ్చు. ఆండ్రాయిడ్ 13లో పరీక్షగా మొదలైంది, 16కి వచ్చేసరికి ఆ వెర్షన్ కోసమని తయారుచేసే (టార్గెట్ చేసే) యాప్‌లకి మామూలుగానే ఆన్ అయి ఉంటుంది. "మళ్లీ నొక్కండి" సందేశం కోసం వెనక్కి సైగని మధ్యలో పట్టుకున్న యాప్‌లో హోమ్ స్క్రీన్ తొంగిచూపు రాదు. పొరపాటున బయటికి పోతారేమో అన్న బెంగకి సిస్టమ్ మంచి మందు ఇచ్చింది, మన పాత మందు దానికి అడ్డు పడుతోంది. పాత కోడ్ తీసేయండి, పని తగ్గుతుంది కూడా.

గైడ్‌లైన్ మాట మార్చినప్పుడు

ఇక్కడో తమాషా చెబుతాను. 2012 నాటి ఆండ్రాయిడ్ గైడ్‌లైన్స్‌లో ఒక పేజీ ఉండేది. వేరే ప్లాట్‌ఫామ్‌ల అలవాట్లు ఇక్కడికి తేకండి అని. అందులో స్పష్టంగా ఉంది, కింద ట్యాబ్ బార్ పెట్టకండి అని. అది ఐఫోన్ పద్ధతి, ఇక్కడ ట్యాబ్‌లు పైన ఉండాలి. టీములన్నీ బుద్ధిగా ట్యాబ్‌లు పైకెక్కించాయి. 2016లో ఏమైంది? మెటీరియల్ డిజైన్‌లోకి బాటమ్ నావిగేషన్ వచ్చి కూర్చుంది. మూడు నుంచి ఐదు గమ్యాలు ఉంటే కింద పెట్టుకోండి అని.

అయితే ఆ నాలుగేళ్లూ వాళ్లు చెప్పింది అబద్ధమా? అలా చూడకండి. ఫోన్లు మారాయి. స్క్రీన్లు పెద్దవయ్యాయి, ఒంటి చేత్తో పట్టుకుంటే పై అంచుకి బొటనవేలు అందడం మానేసింది. అదే పేజీలో ఇంకో మాట కూడా ఉంది, షేర్ చేసే గుర్తు ఏ ప్లాట్‌ఫామ్‌ది ఆ ప్లాట్‌ఫామ్‌లోనే వాడండి అని. అది ఇవాళ్టికీ నిజమే. ఐఫోన్‌లో పెట్టెలోంచి పైకి పోయే బాణం, ఆండ్రాయిడ్‌లో మూడు చుక్కల్ని కలిపే గీతలు. అలవాటైన గుర్తుని గుర్తుపట్టడానికి స్క్రీన్ సైజుతో పని లేదు కదా, అందుకే ఆ సలహా నిలిచింది. మరి ఏ సలహా నిలుస్తుందో, ఏది పోతుందో మనకి ముందే ఎలా తెలుస్తుంది? దాని వెనక కారణం వెతకండి. కారణం పరికరంలో ఉంటే పరికరంతో పాటు పోతుంది. మనిషి వేలిలో, కంటిలో, జ్ఞాపకంలో ఉంటే ఉంటుంది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో శాసనాలు చదువుతున్నట్టుంటుంది. కిందికి లాగి రిఫ్రెష్ చేయడం ఇవాళ అందరికీ తెలుసు. ఇది ఆపిల్ పుస్తకంలోంచి రాలేదు. లారెన్ బ్రిక్టర్ అనే డెవలపర్ ట్వీటీ అనే యాప్‌లో పెట్టాడు. బయటివాడి ఆలోచన. 2012లో ఐఓఎస్ 6 వచ్చేసరికి ఆపిలే దాన్ని సిస్టమ్ కంట్రోల్‌గా ఇచ్చింది. ఎందుకు అతికింది? జాబితా పై అంచుకి వచ్చాక వేలు ఎలాగూ ఇంకా లాగుతుంది. ఆ లాగుడికి అప్పటిదాకా వేరే పని లేదు. ఎవరి అలవాటునీ చెరపకుండా ఖాళీగా ఉన్న చోట ఒక పని పెట్టాడు. కొత్తది కనిపెట్టాలన్న కోరిక ఉన్నవాళ్లు ఇది గమనించండి.

కొలతలు, అక్షరాలు

ఆపిల్ 44 పాయింట్లు అంటుంది, గూగుల్ 48 డీపీ అంటుంది. ఆ 48 డీపీ చేతిలో సుమారు 9 మిల్లీమీటర్లు వస్తుందని గూగుల్ పత్రాలే చెబుతాయి. ఇది నొక్కే చోటు కొలత, కనిపించే బొమ్మ కొలత కాదు. 24 డీపీ బొమ్మ గీయండి, చుట్టూ ఖాళీని కలుపుకుని 48 నొక్కనివ్వండి. పాప్‌అప్ మూలలో ఉండే ఆ చిన్న ఇంటూ గుర్తు ఉంటుంది చూశారా, దాన్ని మూడుసార్లు పొడిచినా పోదు, నాలుగోసారి వెనకున్న ప్రకటన తెరుచుకుంటుంది. కొన్నిచోట్ల అది కావాలనే చేస్తారనుకోండి. అది డిజైన్ సమస్య కాదు, నీయత్ సమస్య, నా పరిధి కాదు. చాలాచోట్ల మాత్రం ఊరికే, బొమ్మ ఎంతుందో అంతే నొక్కనిచ్చి వదిలేశారు.

అక్షరాల సంగతికి వద్దాం, ఇది మనందరికీ దగ్గరి విషయం. మెటీరియల్ మొదటి రోజుల టైపోగ్రఫీ పేజీల్లో లిపుల్ని మూడు రకాలుగా విడదీశారు. ఇంగ్లీషులాంటివి ఒకటి, చైనీస్ జపనీస్‌లాంటి దట్టమైనవి ఒకటి, ఎత్తైన లిపులు ఒకటి. ఆ ఎత్తైన లిపుల వరసలో తెలుగు పేరు పెట్టి మరీ రాశారు. వరసకీ వరసకీ మధ్య ఎత్తు పెంచాలి అని. ఎంతమంది చదివాం దాన్ని?

చదవకపోతే ఏమవుతుందో చూడండి. చిరునామా ఫారంలో ఒక గడి ఉంటుంది, "రాష్ట్రం" అని. ష కింద ట ఒత్తు, దానితో పాటు ర ఒత్తు. ఇంగ్లీషులో గీసిన డిజైన్‌లో ఆ లేబుల్ ఎత్తు ఇంత అని బిగించేశారు. తెలుగులోకి మార్చగానే కింద కోత పడింది. ఇప్పుడు స్క్రీన్ మీద ఏముంది? "రాషం". ఒత్తులు రెండూ గల్లంతు! పోనీ డెవలపర్ తప్పా అంటే, పాపం అతను డిజైన్ ఫైల్‌తో పిక్సెల్‌కి పిక్సెల్ సరిపోవాలని అక్షరాల పైన కింద సిస్టమ్ వదిలే ఖాళీని తీసేశాడు. ఆ ఖాళీ ఉన్నదే ఇలాంటి లిపుల కోసం. ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చేసే యాప్‌లకి ఈ ఎత్తు విషయంలో సిస్టమే ముందుకొచ్చి, తెలుగు, తమిళం, కన్నడంలాంటి లిపులకి సరిపడా ఎత్తున్న ఫాంటు రూపాన్ని మామూలుగానే వాడుతోంది. అయినా మీరు ఎత్తు బిగించేస్తే అది మాత్రం ఏం చేస్తుంది?

ఎత్తు బిగించకండి. ఈ ఒక్కటి పాటిస్తే అక్షరాల సైజు పెంచుకునేవాళ్ల బాధ కూడా సగం తీరుతుంది. ఐఫోన్‌లో మామూలు పాఠం 17 పాయింట్లు, సెట్టింగ్స్‌లో దాన్ని చాలా పెద్దది చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పోవచ్చు. మీ యాప్‌ని ఆ సైజులో ఎప్పుడైనా తెరిచి చూశారా? ఇక్కడ చేతులెత్తమని అడగను, ఇబ్బంది పెట్టడం ఎందుకు. నలభై దాటిన కళ్లకి ఆ సెట్టింగ్ విలాసం కాదు. బటన్ మీద "కొనసా..." అని చుక్కలు కనిపిస్తే వాళ్లు కొనసాగించాలా, మానేయాలా?

పర్మిషన్: ఒక్కసారే దొరికే అవకాశం

యాప్ ఇన్‌స్టాల్ చేశారు. తెరిచారు. ఇంకా అది ఏం చేస్తుందో చూడనే లేదు. లొకేషన్ ఇవ్వండి, కాంటాక్ట్స్ ఇవ్వండి, కెమెరా ఇవ్వండి, నోటిఫికేషన్లు పంపనివ్వండి. ఒకదాని మీద ఒకటి. గుమ్మంలో నిలబెట్టి బీరువా తాళాలు అడిగినట్టుంటుంది. వద్దు, వద్దు, వద్దు, వద్దు అని నొక్కుకుంటూ పోతారు.

ఇక్కడ సిస్టమ్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాడు ఈ పని చేయడు. ఒకప్పుడు ఆండ్రాయిడ్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అన్నీ గంపగుత్తగా ఒప్పుకోవాలి. 2015లో ఆండ్రాయిడ్ 6 దాన్ని మార్చి, వాడేటప్పుడు అడగమంది. 2020లో ఆండ్రాయిడ్ 11 ఇంకో బిగింపు బిగించింది. ఒకే పర్మిషన్‌ని రెండుసార్లు వద్దన్నారంటే, ఇంక అడగొద్దు అన్నట్టే లెక్క. 2022లో ఆండ్రాయిడ్ 13తో నోటిఫికేషన్లకి కూడా అడగాల్సి వచ్చింది. ఐఫోన్‌లో ఇంకా కఠినం. కెమెరాలాంటివాటికి ఒకసారి వద్దంటే ఆ ప్రశ్న మళ్లీ రాదు, సెట్టింగ్స్‌కి వెళ్లి మార్చుకోవాల్సిందే. సెట్టింగ్స్‌కి ఎవరు వెళ్తారు చెప్పండి?

అంటే మీ చేతిలో ఒకటి రెండు అవకాశాలున్నాయి. వాటిని మొదటి నిమిషంలో తగలేసుకుంటారా? ఫొటో తీసే బటన్ నొక్కినప్పుడు కెమెరా అడగండి. అప్పుడు ఎందుకు అన్న ప్రశ్నే రాదు, కారణం వాళ్ల వేలి కిందే ఉంది.

ఐఫోన్‌లో పర్మిషన్ అడిగే ఆ పెట్టెలో కారణం రాయాలి. ఐఓఎస్ 10 నుంచి, ఆ వాక్యం లేకుండా కెమెరా తెరవబోతే యాప్ కుప్పకూలుతుంది. కూలకూడదని జనం ఏం రాస్తున్నారు? "ఈ యాప్‌కు కెమెరా అవసరం." అవసరమని తెలుసు, అందుకే కదా అడుగుతున్నావు! "బిల్లు ఫొటో తీసి మీ ఖర్చులకు జత చేయడానికి కెమెరా వాడతాం." ఇలా రాయండి. ఏ పని, ఎందుకు, అంతే. ఆ వాక్యాన్ని చాలాచోట్ల డెవలపర్ యాప్ కూలకుండా ఉండటానికి ఏదో ఒకటి టైపు చేస్తాడు. డిజైన్ ఫైల్లో దానికి చోటు ఉండదు. ఇక నుంచి ఉంచండి.

ముందుగా మన సొంత స్క్రీన్ ఒకటి పెట్టి వివరించొచ్చా? పెట్టొచ్చు, కానీ దాని మీద "అనుమతించు" అని బటన్ పెట్టొద్దని ఆపిల్ చెబుతుంది. అది సిస్టమ్ బటన్‌లా కనిపిస్తుంది, ఒకసారి అనుమతించాక మళ్లీ ఎందుకు అడుగుతున్నారని తికమకపడతారు. "కొనసాగించు" చాలు.

ఇంకో మాట. గ్యాలరీ నుంచి ఒక ఫొటో ఎంచుకోవడానికి మొత్తం ఫొటోలన్నిటికీ పర్మిషన్ అడిగే యాప్‌లు ఇంకా ఉన్నాయి. రెండు ప్లాట్‌ఫామ్‌లలోనూ ఫొటో పికర్ ఉంది. సిస్టమే గ్యాలరీ చూపిస్తుంది, ఎంచుకున్న ఫొటో మాత్రమే మీకిస్తుంది, పర్మిషనే అక్కర్లేదు. అడగకుండా పని జరిగే చోట అడిగి అనుమానం తెచ్చుకోవడం ఎందుకండీ?

మిగతావి గబగబా చెప్పేస్తాను. లాంచ్ స్క్రీన్ లోగో ప్రదర్శన కాదు, మొదటి స్క్రీన్ ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉండాలి అంటుంది ఆపిల్. ఆండ్రాయిడ్ 12 నుంచి సిస్టమ్ తనే ఒక స్ప్లాష్ (యాప్ తెరుచుకునేటప్పుడు కనిపించే లోగో స్క్రీన్) చూపిస్తుంది, మీ పాత స్ప్లాష్ తీయకపోతే రెండు లోగోలు వరసగా వస్తాయి. ఐఫోన్ కింద అంచున ఉన్న గీత దగ్గర బటన్లు ఇరికించొద్దు. డార్క్ మోడ్ 2019లోనే రెండింటికీ వచ్చింది, తెల్లని రంగుని తిప్పి నల్లగా చేస్తే అయిపోదు, పాఠానికీ నేపథ్యానికీ కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉందో లేదో మళ్లీ కొలవాలి.

ప్రశ్నలు

అదిగో, నీలం చొక్కా ఆయన. "క్లయింటు రెండు ఫోన్లలోనూ అచ్చం ఒకేలా ఉండాలంటున్నాడు, ఏం చెప్పాలి?" అని అడుగుతున్నారు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని చూసేది ప్రపంచంలో క్లయింటు ఒక్కడేనండీ. వాడేవాళ్ల దగ్గర ఒక్కటే ఫోన్ ఉంటుంది. కానీ ఇలా చెబితే క్లయింటుకి కోపం వస్తుంది. ఆయనకి కావాల్సింది ఏంటో విడదీసి అడగండి. రంగు, లోగో, మాట తీరు, స్క్రీన్ల వరస ఒకేలా ఉండాలంటే తప్పకుండా ఉంచండి, ఉంచాలి కూడా. వెనక్కి సైగ, షేర్ గుర్తు, తేదీ ఎంచుకునే పెట్టె, హెచ్చరికలు, పర్మిషన్లు వీటిని సిస్టమ్‌కి వదిలేయండి. సొంతంగా తేదీ పెట్టె తయారు చేయడానికి ఎన్ని రోజులు పడుతుందో, చూపు లేనివాళ్లకి స్క్రీన్‌ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో అది చదవబడేలా చేయడానికి ఇంకెన్ని రోజులో బడ్జెట్‌లో రాసి చూపించండి. చాలామంది అక్కడే దిగొస్తారు. ఒకే కోడ్‌తో రెండు ఫోన్లకీ యాప్ చేసే ఫ్లట్టర్‌లో చేస్తున్నాం అన్నా ఇదే జవాబు. అందులో రెండు ప్లాట్‌ఫామ్‌ల విడ్జెట్లూ (బటన్లు, పెట్టెల్లాంటి భాగాలు) ఉన్నాయి, ఎక్కడ ఏది వాడాలో తేల్చాల్సింది మనమే.

ఆ పక్కన అమ్మాయి చెప్పండి. "టీములో నేనొక్కదాన్నే డిజైనర్‌ని, నా చేతిలో ఉన్నది ఐఫోనే, ఆండ్రాయిడ్ గైడ్‌లైన్స్ చదువుతాను గానీ ఒంటబట్టట్లేదు." మంచి ప్రశ్న. చదివితే ఒంటబట్టదమ్మా. ఆఫీసులో టెస్టింగ్‌కి వాడే ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి ఉంటుంది, అడిగి తీసుకో. కొన్ని వారాలు అదే నీ ఫోన్ అనుకుని వాడు. మెసేజ్‌లు, మ్యాపులు, అలారం, డబ్బులు పంపడం, అన్నీ అందులోనే. మొదట్లో చిరాకు వేస్తుంది. ఎక్కడెక్కడ చిరాకు వేసిందో రాసుకో, నువ్వు ఐఫోన్ నుంచి మోసుకొచ్చిన అలవాట్లు అక్కడే బయటపడతాయి. ఆ తర్వాత గైడ్‌లైన్ పేజీ తెరిస్తే వేరేగా చదువుతావు. ఒక్కటి మాత్రం మర్చిపోకు, సిమ్ కూడా అందులోకి మార్చు. లేకపోతే రెండో రోజుకే అది సొరుగులోకి వెళ్లిపోతుంది.